ముత్తవ్వ ఉత్త సైకిల్

ముత్తవ్వ, ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఎవరూ లేవకముందే తన చాయ్ తాను కాచుకుని తాగేది.

ఎప్పుడని అడక్కండి, ఏ ఊరని అడక్కండి. గుట్టకు ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు, మధ్యలో ఎర్రమట్టి బాట. అక్కడి ఆడవాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు. ఆకు కత్తిరించాలి, పొగాకు పొయ్యాలి, దారం చుట్టాలి. మళ్ళీ ఆకు, మళ్ళీ పొగాకు, మళ్ళీ దారం. ఆరు రోజులు అంతే. ఆదివారం కార్ఖానా మూసేవాళ్ళు.

ముత్తవ్వ తమ్ముడు బొంబాయి మిల్లుకు పోతూ తన సైకిల్‌ని అక్కకు వదిలిపోయాడు. ఆమె గోచీ పెట్టి చీర కట్టి, మూడుసార్లు పడి, తొక్కడం నేర్చుకుంది. ఆదివారం వస్తే గుట్ట ఎక్కేది. ఆయాసం తీరేదాకా పైన కూర్చునేది. దిగేటప్పుడు పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసేది. ఆరు రోజులుగా ముక్కులో పేరుకున్న పొగాకు ఘాటు ఆ గాలికి వదిలిపోయేది. సోమవారం బీడీలు చుడుతూ ఆ దిగుడు సంగతి చెప్పేది. ఎక్కడ నెమలి అడ్డొచ్చిందో, ఎక్కడ కడుపులో చక్కిలిగిలి పుట్టిందో. చుట్టూ కూర్చున్నవాళ్ళు "మళ్ళ చెప్పు" అనేవాళ్ళు. మళ్ళీ చెప్పేది.

ఇందులో ఎవరికేం నష్టమో నాకైతే ఇప్పటికీ తెలియదు. ఊరు ఊరుకుంటేగా!

ఒక ఆదివారం అత్త గడపకు అడ్డం నిలబడింది.

"ఏడికే?"

"ఏడికీ గాదత్తా. ఊకెనే."

"ఊకెనే పోయేదానివి, ఈ జొన్నలు గిర్నీల పట్టిచ్చుకరా."

వెనక క్యారియర్ మీద జొన్నల మూట. పిండి గిర్నీ దగ్గర వరసలోనే పొద్దు వాలింది. గుట్ట లేదు, దిగుడు లేదు.

మరుసటి ఆదివారం మరిది.

"ఏడికి వదినె?"

"ఏడికీ గాదు. ఊకెనే."

"ఊకెనే పోయేదానివి, జర గాసునూనె తెచ్చిపెట్టు."

డబ్బా కారి చీరంతా కిరసనాయిలు కంపు. గుట్ట లేదు, దిగుడు లేదు.

మూడో ఆదివారం ఊరి పెత్తందారు పటేలే పిలిచాడు. నలుగురు జీతగాళ్ళను పెట్టుకున్న మనిషి. ఆయనకూ ముత్తవ్వ సైకిలే కనబడింది.

"ఊకెనే పోయేదానివి, మా బిడ్డకు ఈ తొక్కు జాడీ ఇచ్చిరా."

పచ్చడి జాడీ పగులుతుందేమోనని సైకిల్ నెట్టుకుంటూ మూడు కోసులు నడిచిందా మహాతల్లి. గుట్ట లేదు, దిగుడు లేదు, తొక్కుడే లేదు.

నాలుగో ఆదివారం చేతులు జోడించింది. "మీ కాళ్ళు మొక్కుత. ఆరు దినాలు మీయే. గీ ఒక్కపూట నన్ను ఇడువుండ్రి." ఉత్త సైకిల్ మీద వెళ్ళిపోయింది.

అంతే, అనుమానం మొదలైంది. నెత్తిన మోపుంటే ఆడది అడవి దాటిపోయినా ఎవరూ అడగరు. చేతులూపుకుంటూ వీధి మలుపు తిరిగితే మాత్రం ఆ మలుపులో ఎవడో ఉన్నట్టే! ఏం చెప్పాలి వీళ్ళకు?

ముత్తవ్వ మొగుడు రాజలింగును పటేల్ కాపలా పెట్టాడు. కట్టుకున్నవాడు ఆమెనే అడగొచ్చు కదా? అడగలేదు. మూడు ఆదివారాలు గుట్ట మీద బండరాయి చాటున నక్కి కూర్చున్నాడు.

"ఏం జూసినవ్ రా?" అన్నాడు పటేల్ మొదటిసారి.

"ఎక్కింది, దిగింది. ఎవ్వలు లేరు."

"సక్కగ జూడు."

రెండోసారీ ఎక్కింది, దిగింది, ఎవ్వలు లేరు. మూడోసారి రాజలింగు తల గోక్కున్నాడు.

"నవ్వింది పటేలా."

"ఎవన్ని జూసి?"

"ఎవన్నీ గాదు. ఒక్కతే నవ్వింది."

"ఒక్కతేనా! గదింక ఘోరం!" అన్నాడు పటేల్.

సామాన్లు మోస్తానని ఒప్పుకునేదాకా ఇచ్చేది లేదని సైకిల్‌ని తన కొట్టంలో పెట్టి తాళం వేశాడు.

ఆ తర్వాతి ఆదివారం గుట్ట లేదు, దిగుడు లేదు. సోమవారం ముత్తవ్వ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆకు, పొగాకు, దారం. పక్కన కూర్చునే ఎల్లుబాయి కత్తెర కింద పడేసింది.

"మోస్తేనే మంచోళ్ళమా మనం? అయితే ఈ ఐతారం ఎవ్వలం ఏం మొయ్యొద్దు."

ఆదివారం ఆడవాళ్ళంతా ఉత్త చేతులతో గుట్టెక్కారు. ఊళ్ళో నీళ్ళ బిందె కదల్లేదు. చేనుకు సద్ది పోలేదు. బర్రెలకు గడ్డి రాలేదు. పటేల్ బర్రెల అరుపులు గుట్ట మీదికి వినిపించాయి. పైనున్నవాళ్ళు పల్లీలు ఒలుచుకుంటూ విన్నారు.

పొద్దు తిరిగేసరికి రాజలింగు చెమటలు కక్కుకుంటూ సైకిల్ నెట్టుకొచ్చాడు.

"పటేల్ ఇచ్చిండు. ఇంటికి నడువుండ్రి, తాగనీకి నీళ్ళు లెవ్వు."

"బాయి ఉన్నది, బొక్కెన ఉన్నది, నీకు చేతులున్నయి," అంది ఎల్లుబాయి. ముత్తవ్వ సైకిలెక్కి పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసింది.

మర్నాడు పానా పట్టి వెనక క్యారియర్ ఊడదీసింది. పటేల్ అరుగు మీద పెట్టింది.

"మూటలన్నీ దీని మీద పెట్టుకో పటేలా. నేనైతే ఊకెనే పోత."

ముత్తవ్వ కాలం చేసి ఎన్నేళ్ళయిందో. ఆ రెండూళ్ళలో ఇప్పటికీ ఆడపిల్లకు సైకిల్ కొంటే ముందు క్యారియర్ ఊడదీస్తారు. ఆదివారం పోయేవాళ్ళను ఏడికని అడగరు. తిరిగొచ్చాక "దిగుడెట్లుండె?" అంటారు. చెప్పేవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళు పని ఆపి వింటారు.

ముత్తవ్వ మాత్రం క్యారియర్ ఊడదీసిన ఆ ఎండాకాలమే, తనను అడక్కుండా కాపలా కాసిన రాజలింగును వదిలేసి, గుట్ట అవతలి ఊళ్ళో ఒక్కతే ఇల్లు తీసుకుంది.