ఉయ్యాల పక్కన పాలగ్లాసు

జిక్ర్ మధ్యలో దస్తగిరికి ఊపిరి అందలేదు.

గురువారం సాయంత్రం. దర్గా అరుగు మీద మీరావలి స్వామి శిష్యులంతా గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గాలి పీల్చేటప్పుడు ఒకసారి దేవుడి పేరు, వదిలేటప్పుడు ఒకసారి దేవుడి పేరు. స్వామి చెప్పే మొదటి పాఠం అదే, ఆఖరి పాఠమూ అదేనంటారు. అందరి ఊపిరీ ఒక్కటై నడుస్తుంటే దస్తగిరి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నిండా ముప్పై రెండేళ్లు లేవు, ముసలివాడిలా ఒగరుస్తున్నాడు. లోపల మిగతావాళ్ల జిక్ర్ ఆగలేదు. అది వింటుంటే అతనికి ఏడుపొచ్చింది.

అందరూ వెళ్లిపోయాక స్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్లనించి?"

"రంజానుకు ముందునించీ, సామీ."

"డాక్టరుకు చూపించినావా?"

"కర్నూలు పోయొచ్చినా. గొట్టంలోకి ఊదమన్నాడు, ఊదినా. నీది అరవై ఏండ్ల ముసలోని ఊపిరి అన్నాడు. మా రక్తంలోనే ఉందంట. మా నాయన, మా జేజినాయన ఇట్లనే గదా పోయింది. మా వంశంలో పుట్టుకతోనే ఊపిరితిత్తులు బలహీనమంట."

డాక్టరు నిజానికి రెండు మాటలు చెప్పాడు. రక్తంలో ఆ గుణం ఉంది, దానికి దుమ్ము తోడైంది. రక్తాన్ని మార్చలేం గానీ దుమ్ముకు దూరంగా ఉండొచ్చు అన్నాడు. మనిషి చెవి గడుసుది. తనకు కావలసిన సగం వినేసి మూసుకుంటుంది.

దస్తగిరి వాళ్లు దూదేకులవాళ్లు. దూది ఏకి పరుపులు కుట్టడం ముత్తాతల నాటి పని. దూది ఏకే విల్లు పోయి మిషన్ వచ్చింది, అంతే తేడా. వాళ్ల రేకుల కొట్టం బేతంచర్ల రోడ్డు పక్కన ఉంది. ఆ రోడ్డు పొడుగునా నాపరాళ్లు కోసే మిషన్లు, రాళ్ల లారీలు. రాతిదుమ్ము లోపలికి రాకూడదు, ఏకిన దూది బయటికి పోకూడదు. అందుకని తాత, అదే జేజినాయన, నాటినుంచీ పని జరిగేటప్పుడు తలుపులు మూసేస్తారు. చేను వైపు ఉన్న వెనక తలుపుకైతే అడ్డచెక్కలు పెట్టి మేకులే కొట్టేశారు. 'ఖాసిం కొట్టం దూదిలో నలుసు ఉండదు' అని చుట్టుపక్కల పేరు. ఖాసిం అంటే దస్తగిరి తండ్రి. నలభై దాటకముందే ఆ కొట్టంలోనే పోయాడు. పేరు మాత్రం మిగిలింది, ఆ పేరంటే దస్తగిరికి ప్రాణం.

"దుమ్ములో ఉండొద్దనలేదా డాక్టరు?" అన్నాడు స్వామి.

"అన్నాడు. నేను నమ్మను. దుమ్మే అయితే మౌలాలికి రావద్దా?"

మౌలాలి దస్తగిరి బావమరిది. అదే కొట్టంలో, అదే మిషన్ దగ్గర పని.

"వాడు పైనింకా బీడీలు గూడా తాగుతాడు. ఎద్దు మాదిరి ఉన్నాడు. చూడండి మీరే."

"మీ అక్క పీరమ్మ ఎట్లుంది?"

"బాగుంది సామీ. అత్తగారి ఊర్లో చేను పనులు చేసుకుంటాంది."

"దగ్గేమన్నా?"

"లేదు."

"ఆ బిడ్డ గూడా ఖాసిం బిడ్డే గదా?"

దస్తగిరి తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఆడోళ్లకు రాదేమో" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. స్వామి నవ్వలేదు.

"రక్తమా, దుమ్మా, ఏదో ఒకటి చెప్పండి సామీ!" దస్తగిరి గొంతు లేచింది. "రక్తమైతే మా నాయన మాదిరే మిషన్ కాడ్నే పోతా. రాసిపెట్టిందానికి భయపడి కొట్టం మూసుకుని కూచోను."

భయపడ్డవాడే అంత గట్టిగా మాట్లాడతాడు. స్వామి అతని వీపు మీద చెయ్యి వేసి, ఆ పిల్లికూతలు తగ్గేదాకా ఉంచాడు.

"రేపు పొద్దున మీ కొట్టానికి వస్తా" అని లేచి వెళ్లిపోయాడు.

అన్నట్టే వచ్చాడు. కొట్టంలో ఒక మూల దస్తగిరి భార్య ఉసేన్‌బీ పరుపు కుడుతోంది. పక్కనే దూలానికి కట్టిన చీర ఉయ్యాల. అందులో వాళ్ల కూతురు జైనబ్, ఇంకా పాకడం రాని పసిది. మౌలాలి పరుపులు వేసుకుని డోన్ పోయాడు.

"మిషన్ ఆగితే లేస్తాది, నడిస్తే నిద్రపోతాది" అన్నాడు దస్తగిరి ఉయ్యాల చూపిస్తూ. "మా రక్తం సామీ. దూది చప్పుడే జోలపాట."

స్వామి ఉయ్యాల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఉసేన్‌బీ పాలు కాచి చక్కెర వేసి స్టీలు గ్లాసులో తెచ్చింది. ఆయన గ్లాసు తీసుకుని ఉయ్యాల పక్కనే ఉన్న చెక్క మీద పెట్టాడు.

"ఆరనీ తల్లీ. నువ్వు పని కానియ్యి దస్తగిరీ."

"మీరుండగానా?"

"పని చూసేదానికే వచ్చినా."

దస్తగిరి తలుపు మూసి మిషన్ వేశాడు. కొట్టమంతా ఒక్కసారి దద్దరిల్లింది. కాసేపటికి గాలి తెల్లబడింది. రేకు సందులోంచి పడే ఎండలో దూది నూగు సుడులు తిరుగుతోంది. స్వామి తలపాగా కొస ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. కాసేపు చూశాడు, కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆయన ఛాతీ ఎగిరెగిరి పడసాగింది.

దస్తగిరి స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాడు. స్వామి కళ్లు తెరవకుండానే వద్దని వేలు ఊపాడు.

"ఆపయ్యా, సామి మొగం చూడు" అని ఉసేన్‌బీ అరిచింది.

"ఆపొద్దు" అన్నాడు స్వామి. ఆ మాట వెంట దగ్గు తెర వచ్చింది.

గురువు మాట. దస్తగిరికి చెమటలు పడుతున్నాయి, తన ఛాతీలోనూ కూతలు లేచాయి. చేతులు మాత్రం దూది అందిస్తూనే ఉన్నాయి. ఆ కాస్త పత్తీ ఏకడం అయ్యేసరికి అతనికి ఏడాది గడిచినట్టయింది. స్విచ్చి ఆపి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

స్వామి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. పాల మీద తెల్లగా తెట్టు కట్టి ఉంది. మీగడ అనుకుంది ఉసేన్‌బీ. దగ్గరికొచ్చి చూస్తే దూది నూగు. మధ్యమధ్యలో బూడిదరంగు రాతిదుమ్ము. తలుపులు ఎంత మూసినా రావలసింది వస్తూనే ఉంది.

"అయ్యో, ఇట్లియ్యండి సామీ. పారబోసి వేరేవి తెస్తా."

"పారబొయ్యొద్దు. బిడ్డకు తాపండి."

ఎగతాళికి అన్నాడేమోనని ఉసేన్‌బీ నవ్వబోయింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆగిపోయింది. ఆయన గ్లాసు దస్తగిరి చేతిలో పెట్టాడు.

"నువ్వు తాపు."

స్వామి చేతిలో చెయ్యి వేసి శిష్యుడైన రోజు, మీ మాట ఎన్నడూ దాటనని చెప్పినవాడు దస్తగిరి. ఇన్నేళ్లలో దాటలేదు కూడా. గ్లాసు పట్టుకుని ఉయ్యాల దాకా వెళ్లాడు. పాలు వేళ్ల మీదికి తొణికాయి.

"ఏమయ్యో! నీకేమన్నా మతి పోయిందా?" ఉసేన్‌బీ వచ్చి ఉయ్యాలకు అడ్డం నిలబడింది.

దస్తగిరి ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"నా వల్ల కాదు సామీ."

"ఏం? రక్తంలో రాసిపెట్టి ఉన్నాక పాలేం చేస్తాయి?"

"నేను తాపను."

"ఈ నూగే గదా మౌలాలి దినమూ మింగేది. ఎద్దు మాదిరి ఉన్నాడంటివే."

"మౌలాలి బిడ్డయితే తట్టుకుంటాదేమో సామీ! ఇది నా బిడ్డ, తట్టుకోదు!" దస్తగిరి గ్లాసు నేలకేసి కొట్టాడు. "మా రక్తం గాబట్టే తాపను!"

గ్లాసు దొర్లుకుంటూ పోయి మిషన్ కాలికి తగిలి ఆగింది. తానేమన్నాడో దస్తగిరి చెవికి అప్పుడు వినిపించినట్టుంది.

మిషన్ చప్పుడు లేక జైనబ్ లేచింది. ఏడవబోయి దగ్గింది. మళ్లీ దగ్గింది.

దస్తగిరి వంగి చూశాడు. బిడ్డ కనురెప్పల మీద, పైపెదవి మీద తెల్లటి నూగు. కొంగుతో తుడవబోతున్న ఉసేన్‌బీని ఆపి, తన వేలితో తనే తుడిచాడు. అంటుకున్న నూగును చాలాసేపు చూసుకున్నాడు.

తర్వాత మూలనున్న గడ్డపార తీసుకుని వెనక తలుపు దగ్గరికి పోయాడు. జేజినాయన కొట్టిన మేకులు అంత తేలిగ్గా రాలేదు. ఒక చెక్క పెరికి ఆగి ఊపిరి తీసుకున్నాడు, ఇంకో చెక్క పెరికి మళ్లీ ఆగాడు. స్వామి సాయానికి లేవలేదు. ఆఖరి చెక్క ఊడగానే తలుపు భళ్లున తెరుచుకుంది. శనగచేను మీది గాలి కొట్టంలోకి దూసుకొచ్చింది. పొద్దున్నుంచి ఏకిన దూది కుప్ప లేచి, సుడి తిరిగి, చేలో పడింది.

"దూదయ్యా, దూదంతా పోతాంది!" ఉసేన్‌బీ రెండు చేతులా పట్టుకోబోయింది.

దస్తగిరి బిడ్డను ఉయ్యాలలోంచి తీసి భుజాన వేసుకున్నాడు. గడప దాటి చేలో నిలబడ్డాడు.

"పోనీ" అన్నాడు.

స్వామి గడ్డంలోని నూగు దులుపుకున్నాడు.

"ఇప్పుడు తే తల్లీ, పాలు" అన్నాడు.