మెట్ల కింద బల్ల

జోగారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. వైద్య కళాశాలలో ఎవరు పరిశోధన ఫలితాలు పట్టుకొచ్చినా సగటెంత, తేడా ఎంత అని ముందుగా అడిగేవారు కాదు. "రానివాళ్ళు ఎవరు?" అనేవారు. గణాంక శాస్త్రం నేర్పవలసిన మనిషి హాజరు దగ్గరే ఆగిపోయాడని కుర్ర డాక్టర్లు చాటున నవ్వుకునేవారు.

పీజీ చదువుతున్న నీరజ కూడా తన వంతు వచ్చేదాకా నవ్వింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఆమె ఒక వ్యాయామం నేర్పి, నెలనెలా పిలిపించి నొప్పి ఎంత తగ్గిందో రాసుకుంది. చివరిదాకా వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ హాయిగా ఉంది. మధ్యలో మానేసినవాళ్ళు బద్ధకస్తులని తేల్చి లెక్కలోంచి తీసేసింది. ఈ ఫలితం నిలబడితే జిల్లా ఆసుపత్రులన్నిటిలో ఆ వ్యాయామమే నేర్పిస్తామని ఆరోగ్య శాఖ పెద్దలు మాటిచ్చారు. అలాంటి సమయంలో మాస్టారు తన మామూలు ప్రశ్న వేసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"రాని మనిషి నాకేం చెబుతుంది మాస్టారూ? వచ్చినవాళ్ళ లెక్క చాలదా?"

ఆయన వాదించలేదు. "రేపు నీ రోగులు వచ్చే రోజు కదా. పైన పని ఎవరికైనా అప్పగించి, కాసేపు నాతో కింద కూర్చో" అన్నారు.

నీరజ రోగుల్ని చూసే గది పై అంతస్తులో ఉంది. వెలుతురు బాగుంటుందని ఆమే ఏరికోరి పుచ్చుకుంది. లిఫ్టుకు 'మరమ్మతులో ఉంది' అని అట్ట వేలాడదీసి ఎన్నాళ్ళయిందో గానీ, ఇప్పుడు ఆ అట్టకే మరమ్మతు కావాలి. మర్నాడు గురుశిష్యులిద్దరూ మెట్ల కింద ఉన్న బల్ల మీద కూర్చున్నారు. వచ్చినవాళ్ళు నీరజకు నమస్కారం పెట్టి చకచకా పైకి వెళ్తున్నారు. చూశారా అన్నట్టు ఆమె మాస్టారి వైపు చూసింది.

అంతలో సింహాచలమ్మ వచ్చింది. నీరజ లెక్కలోంచి తీసేసినవాళ్ళలో ఆవిడ ఒకతె. వీళ్ళను గమనించలేదు. కమ్మీ పట్టుకుని రెండు మెట్లెక్కి, పైకి చూసి, మెల్లగా దిగి గేటు దారి పట్టింది. నీరజ పరుగున వెళ్ళి ఆపింది.

"ఇంతదాకా వచ్చి వెళ్ళిపోతున్నావేం మామ్మా?"

"నువ్వు సెప్పినట్టే సేసినానమ్మా. మోకాలు వాచిపోనాది, మెట్లెక్కలేకపోతన్నాను. పోయిన నెలా ఇలాగే వచ్చి ఎలిపోనాను. ఎంతో ఓపిగ్గా నేర్పినావు, నీ మేలు మర్చిపోను తల్లీ."

ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి నీరజ మోకాలు పట్టి చూసింది. వేడిగా, ఉబ్బి ఉంది. నొప్పి తగ్గినవాళ్ళే తన మెట్లెక్కగలిగారని, ఎక్కినవాళ్ళనే కొలిచి తాను మురిసిపోయిందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ పూటే తన సరంజామా అంతా కింది గదిలోకి దింపించింది. తీసేసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మెట్లెక్కే పని లేదు రమ్మని బతిమాలింది. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నొప్పి పోయి, పనుల్లో పడి మానేసినవాళ్ళు కొందరున్నారు గానీ, ఎక్కువమందికి తగ్గలేదు. వాపు ఉన్న మోకాళ్ళకైతే ఆ వ్యాయామం చెరుపే చేసింది. అప్పటికి వచ్చిన అందరినీ కలిపి లెక్క కట్టేసరికి గొప్ప ఫలితం కాస్తా అంతంతమాత్రంగా మిగిలింది. ఇది ఊరూరా నేర్పి ఉంటే ఎందరు మంచాన పడేవారోనని తలచుకుంటేనే నీరజకు భయమేసింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన ఆ ముసలావిడ పట్ల, ఎదురుగా కూర్చున్న మాస్టారి పట్ల కృతజ్ఞతతో ఆమె గుండె నిండిపోయింది.

"మీ రుణం తీర్చుకోలేను మాస్టారూ" అంది చేతులు జోడించి. లెక్కల కాగితం వైపు చూసి, "కానీ నా ఫలితం పోయింది" అంది.

గుమ్మంలో, ఫోన్ చేసినవాళ్ళలో ఇంకా రాకుండా ఉన్న ఒకామె గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. మాస్టారు లేచి, తన కుర్చీ ఆమె కోసం ముందుకు జరిపారు.

"పోలేదమ్మా, అదిగో వస్తోంది. నడవలేదు కదా, ఆలస్యమైంది."