మందుల పాకలో తొట్టి నీళ్లు

కొండ కింద జంతువులన్నీ కలిసి ఒక మందుల పాక వేసుకున్నాయి. దాన్ని నడిపేవాళ్లు కావాలి. ఏళ్లుగా ఆకులూ వేర్లూ మోసుకొచ్చిన గాడిద సుంకులమ్మ, మాటకారి నక్క జిత్తయ్య ముందుకొచ్చారు. వాళ్లకు పని నేర్పడం ముసలి ఏనుగు గజమ్మ వంతు.

గజమ్మ పాఠాలు చెప్పేది కాదు. రోజుకో చిక్కు ముందు పెట్టి, "మీరైతే ఏం చేస్తారు?" అని ఊరుకునేది. ఒకరోజు, గొర్రెపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయంది. సుంకులమ్మ ప్రశ్న మీద ప్రశ్న వేసి, వాగు నీళ్లే కారణమని తేల్చింది. జిత్తయ్య ఆ జవాబు బట్టీ పట్టాడు.

"వాడికన్నీ నోటికొచ్చు. నాకు అడగడం తప్ప ఏమీ రాదక్కా," అంది సుంకులమ్మ దిగులుగా.

"అయితే అడుగుతూనే ఉండు," అని పాక ఇద్దరికీ అప్పగించి, గజమ్మ అవతలి కొండకు వెళ్లింది. పాకకు వచ్చినవాళ్లు తాగే నీళ్ల తొట్టి నింపే పని నక్కది.

మూడోనాటి పొద్దున మేక ఎర్రక్క పిల్లను తీసుకొచ్చింది. విరేచనాలతో నీరసించి కళ్లే తెరవడం లేదది. వెనకాలే మరో రెండు మేకలు, అలాంటి పిల్లలతోనే.

"తెలిసిన జబ్బే. వాగు వైపు పోకండి," అన్నాడు నక్క.

"మేం వాగుకే పోమయ్యా. ఊట నీళ్లే తాగుతాం."

"పోయే ఉంటారు."

సుంకులమ్మ ముందు పిల్లలకు ఉప్పు కలిపిన గంజి చుక్కచుక్కగా పట్టించింది. తర్వాత తల్లులను కూర్చోబెట్టి, పిల్లలు ఎక్కడెక్కడ తిరిగారో అడిగింది. ఒకటి చేలో, ఒకటి పొదల్లో, ఒకటి ఇంటి దగ్గరే.

"ముగ్గురూ ఎక్కడా కలవలేదా?"

"ఇక్కడే కలిశారు," అంది ఎర్రక్క. "మొన్న ముళ్లు దిగితే కట్టు కట్టించుకోను వచ్చాం. దాహమని తొట్టి నీళ్లు తాగారు."

సుంకులమ్మ తొట్టిలో మూతి పెట్టింది. బర్రెలు పొర్లే మడుగు వాసన.

"జిత్తన్నా, ఈ నీళ్లు ఎక్కడివి?"

"ఊట దూరం కదా," నసిగాడు నక్క. "మడుగైతే పక్కనే."

ఆమె తొట్టి బోర్లించి, తోమి, ఊట నుంచి తనే నీళ్లు మోసుకొచ్చింది. పొద్దు వాలేసరికి ఎర్రక్క పిల్ల కళ్లు తెరిచి తల్లి పొదుగు వెతుక్కుంది. మిగతా రెండూ లేచి నిలబడ్డాయి. సుంకులమ్మ అక్కడే కూలబడి, పొద్దుటి నుంచీ బిగపట్టిన ఊపిరి వదిలింది.

గజమ్మ తిరిగొచ్చాక, "నాకొచ్చిన జవాబు తప్పు కాదుగా," అన్నాడు నక్క.

"తప్పు కాదు. అది వేరే పిల్లల జబ్బుకి."

పాక సుంకులమ్మ చేతికొచ్చింది. నక్కకు ఊట నుంచి రోజూ రెండు పూటలా నీళ్లు మోసే పని పడింది.

నీతి: రోగుల బాగోగులు చూసేవాళ్లకు జవాబులు కంఠతా రావడం కన్నా, అసలేం జరిగిందో అడిగి తెలుసుకోవడం ముఖ్యం.