ఖాళీ ఫైలు

నరహరి రాసిన ప్రోగ్రామును గురువు గఫూర్ సాహెబు మళ్లీ తిప్పి పంపారు. నరహరికి ఒళ్లు మండిపోయింది. కుండపోత వాన అని కూడా చూడకుండా, తడిసి ముద్దయి, కర్నూలు పాతబస్తీలోని గురువుగారి ఇంటికి వచ్చిపడ్డాడు.

ఇళ్లలో దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సంస్థ పని అది. వాళ్లెక్కడ తలదాచుకున్నారో రాసి ఉన్న ఫైళ్లను కొత్త కంప్యూటరుకు మార్చాలి. దాన్ని ఇంకా చాలా ఆఫీసులవాళ్లు వాడుకుంటారు. ఏ ఫైలును ఎవరు తెరవొచ్చో చెప్పే అనుమతుల జాబితా కూడా ఫైలుతో వెళ్లాలి. అది లేని ఫైలును అక్కడ ఎవరైనా తెరిచేయొచ్చు.

"ఏం తప్పుంది సార్ అందులో?" గడపలోంచే అరిచాడు నరహరి. "ఫైలు వెళ్తోంది. అనుమతులూ వెళ్తున్నాయి."

"ముందు ఏది వెళ్తోంది?"

"ఫైలు. వెనకాలే జాబితా. మధ్యలో రెప్పపాటు కూడా ఉండదు! దానికింత రాద్ధాంతమా? నేనేం రాసినా మీకు నచ్చదు, అంతే."

సాహెబు పొడి లుంగీ ఒకటి చేతికిచ్చి పక్కగది చూపించారు. బయట వసారాలో పాఠానికొచ్చిన విద్యార్థులు కూర్చుని ఉన్నారు.

పళ్లు నూరుకుంటూ నరహరి తడిబట్టలు విప్పాడు. లుంగీ ఇంకా భుజమ్మీదే ఉంది. తలుపు బార్లా తెరుచుకుంది. వసారాలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. తెరిచింది గురువుగారే. వెంటనే మూసేశారు కూడా.

నరహరి లుంగీ చుట్టుకుని బయటికొచ్చాడు.

"బుద్ధుందా సార్ మీకు! అందరి ముందూ నా పరువు తీస్తారా?"

"మూసేశాను కదా."

"మూస్తే? చూసినవాళ్లు చూశారుగా!"

అనేశాక ఆగిపోయాడు.

అప్పుడు లేచింది సాహెబు గొంతు. "ఆ ఆడవాళ్లను చంపడానికి వెతుకుతున్నవాడికి ఎంతసేపు కావాలిరా?"

వసారాలో నవ్వు ఆగిపోయింది. నరహరికి కోపం తగ్గలేదు. గురువుగారి మొహం చూడకుండానే మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని, రాసిందంతా చెరిపేశాడు.

కొత్తగా రాసిన ప్రోగ్రాములో అక్షరం కూడా లేని ఫైలును ముందు పుట్టించాడు. దానికి అనుమతులు పెట్టాడు. అవి సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నాడు. ఆ తర్వాతగానీ అందులోకి ఒక్క మాటనూ రానివ్వలేదు.