బెదురుబొమ్మకు చెప్పిన పాఠం

అనగనగా ఒక కొండ, కొండ కింద జొన్నచేను, చేను నడుమ మంచె, మంచె మీద ఓబన్న. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. భయమేసినవాళ్ళు అమ్మ కొంగు పట్టుకోండి. మధ్యలో లేచిపోవడం మాత్రం కుదరదు.

ఓబన్నకు మనుషులంటే గిట్టదు. మూడేళ్ళ కిందట పక్క చేనువాడు గట్టురాయి జరిపి అతని నేల కలుపుకున్నాడు. పంచాయతీలో ప్రాణస్నేహితుడే నవ్వుతూ దొంగసాక్ష్యం చెప్పాడు. ఊరంతా చూస్తూ కూర్చుంది. ఆ గుంపులో తోడబుట్టిన తిమ్మక్క కూడా నోరు విప్పలేదు. ఆ రోజే ఓబన్న మంచె ఎక్కాడు.

అప్పటినుంచి అతనికి తోడు ఒక కుక్క. రోజూ మధ్యాహ్నం తిమ్మక్క సంగటి ముంత తెచ్చి మంచె కింద పెట్టి, "ఓబన్నా, తినరా" అనేది. అతను మొహం తిప్పుకొనేవాడు. ఆమె వెళ్ళాక దిగి తినేవాడు. కోపం మనిషి మీద గాని సంగటి మీద కాదు కదా!

ఆ ఏడు కంకులు పాలు పోసుకోగానే పిట్టలు మూగాయి. రాళ్ళు విసిరే ఒడిసెల తిప్పి తిప్పి ఓబన్న భుజం పడిపోయింది. చివరికి ఒక కర్రకు గడ్డి చుట్టి, పాత అంగీ తొడిగి, పైన మసికుండ బోర్లించి, దాని మీద కళ్ళకు బదులు రెండు సున్నం బొట్లు పెట్టి బెదురుబొమ్మను నిలబెట్టాడు. పిట్టలు దాని భుజం మీదే కూర్చుని గింజలు తిన్నాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. అయినా బొమ్మలో గడ్డి గరగరలాడింది.

"ఓబన్నా! పిట్టలు మనిషికి బెదురుతాయి, నాకెందుకు బెదురుతాయి? మనిషంటే ఏమిటో చెప్పు" అంది బొమ్మ.

ఓబన్న ఉలిక్కిపడి మంచె కర్ర పట్టుకున్నాడు. కానీ మూడేళ్ళుగా అతని మనసులో మాట అడిగినవాళ్ళు లేరు. కడుపులో ఉన్నది కక్కేశాడు.

"మనిషంటే లాక్కునేవాడు."

సాయంత్రానికి బొమ్మ అంగీలోంచి వేళ్ళు మొలిచాయి. పిడికిట్లో ఒక పిచ్చుక ఉంది. అది కదలడం లేదు. ఆ తర్వాత ఆ చేలో పిట్ట వాలితే ఒట్టు! ఓబన్న సంబరపడ్డాడు. ఒక్కటే వింత. తన వేళ్ళు ముడిస్తే ఎండుగడ్డిలా గరగరమన్నాయి.

రెండో మధ్యాహ్నం బొమ్మ మళ్ళీ అడిగింది. "ఇంకా?"

"మనిషంటే నవ్వుతూ అబద్ధమాడేవాడు."

మసికుండ అడ్డంగా పగిలి నోరైంది. ఆ నోరు అచ్చం ఓబన్న గొంతుతోనే కుక్కను ముద్దుగా పిలిచింది. కుక్క తోక ఊపుకుంటూ జొన్నల్లోకి వెళ్ళింది. ఇక తిరిగి రాలేదు. ఓబన్న దాన్ని పిలవబోతే నాలుక పీచులా నోటికి అడ్డం పడింది.

మూడో మధ్యాహ్నం అతను భయంతో బొమ్మకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ పగ ఊరుకోనిస్తుందా? బొమ్మ అడగ్గానే గొంతు పెగల్చుకుని చెప్పాడు.

"మనిషంటే... ఎదుటివాడికి ఆపదొస్తే చూస్తూ ఊరుకునేవాడు."

కుండ మీది సున్నం బొట్లు రెండూ కళ్ళయి తెరుచుకున్నాయి. బొమ్మ కర్ర మీంచి దిగింది. అంగీ సర్దుకుని కాలిబాట వైపు నడిచింది. ఆ బాటన తిమ్మక్క ముంత పట్టుకుని వస్తోంది.

"అక్కా! కాలు బెణికింది, ఇట్లా రా" అంది బొమ్మ, ఓబన్న గొంతుతో.

పారిపో అని అరవబోయాడు ఓబన్న. మాట రాలేదు. లేవబోయాడు. కాళ్ళ నిండా గడ్డే. చూస్తూ కూర్చున్నాడు.

తిమ్మక్క ఆగింది. "ఎవరు నువ్వు? నా తమ్ముడు నన్ను అక్కా అని మూడేండ్లయింది. ఆ దినం నేను నోరు తెరవలేదు, తప్పు నాదే. వాడు పిలిస్తే చాలని రోజూ వస్తాండా. కానీ వాడు పిలవడు."

బొమ్మ ఆమె చెయ్యి పట్టి గుంజింది. ఆమె ముంత చంకన ఇరికించుకుంది. రెండో చెయ్యి అందులో పెట్టి సంగటి ముద్ద తీసింది.

"ఆకలైతే అడగచ్చు గదా, లాక్కోవడమెందుకు? ఇదో, తిను."

ముద్ద ఆ అరచేతిలో పెట్టింది. లాక్కోవడమే నేర్చిన చేతికి పుచ్చుకోవడం తెలియలేదు. ఆ వేళ్ళు పుల్లల్లా రాలిపోయాయి. బొమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. రెండో చెయ్యి తిమ్మక్క గొంతు మీదికి సాగింది.

కాళ్ళు లేకపోతేనేం! ఓబన్న మంచె మీంచి దొర్లాడు. దబ్బున పడి, పాక్కుంటూ పోయి అక్కకూ బొమ్మకూ మధ్య అడ్డం పడుకున్నాడు.

బొమ్మ వంగి అతని మొహంలోకి చూసింది. "మనిషి చూస్తూ ఊరుకుంటాడన్నావే! మరి నువ్వెందుకు దిగావు?"

"నేను చెప్పింది తప్పు" అన్నాడు ఓబన్న. పీచు తెగి మాట వచ్చింది. "ఆ ఒక్క రోజు చూసి మనిషంటే ఇంతే అన్నాను. మూడేళ్ళుగా సంగటి తెచ్చిన ఈమెను లెక్కలోకే తీసుకోలేదు."

మసికుండ ఫెళ్ళున పగిలింది. ఓబన్న ఒంట్లో గడ్డి రాలిపోయింది. బొమ్మ గడ్డి కుప్పకూలింది. ఆ కుప్పలోంచి కుక్క దులుపుకుంటూ లేచి, కింద పడ్డ సంగటి ముద్ద తినేసింది.

"అక్కా" అన్నాడు ఓబన్న. తిమ్మక్క ముంత పక్కన పెట్టి ఏడ్చింది.

గట్టురాయి ఇవాళ్టికీ జరిపినచోటే ఉంది. లోకం ఒక్క పూటలో మారదు. కానీ ఓబన్న మంచె దిగాడు. మళ్ళీ బెదురుబొమ్మను నిలబెట్టలేదు. పిట్టలు తిన్నన్ని తిన్నాయి.

నీతి ఇదీ: మనుషులంటే ఇంతేనని పదేపదే అనేవాడు, అందరికంటే ముందు తానే అంతవాడవుతాడు.