గొడుగు పట్టేవాడి ఇంటికప్పు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికొక రాజు. రాజు తల మీద తెల్లని గొడుగు. ఆ గొడుగు పట్టడానికొక మనిషి. రాజుల కథలు చాలామంది చెప్పారు. ఇది ఆ గొడుగు పట్టే మనిషి కథ.

అతని పేరు సింగన్న. రాజు నడిస్తే నడిచేవాడు, ఆగితే ఆగేవాడు. రాజు మీద ఏనాడూ ఎండ పొడ పడనివ్వలేదు.

ఒకనాడు రాజు కాశీయాత్రకు బయలుదేరాడు. చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా కాలినడకన వస్తానని ఆయన మొక్కు. మంత్రి సింగన్నను పిలిపించి, చేతిలో ఒక వరహాల మూట పెట్టాడు. రాజుగారు తిరిగి వచ్చేదాకా కొలువు ఉండదని, జీతమూ ఉండదని, ఎప్పుడు వస్తారో తనకూ తెలియదని చెప్పి పంపాడు.

సింగన్న భార్య పేరమ్మ. ఆమెకు నెలలు నిండుతున్నాయి. మృగశిర కార్తెలో పురుడు రావచ్చని మంత్రసాని అంకమ్మ చెప్పింది. వానలు మొదలయ్యేదీ అప్పుడే. వాళ్లది తాటాకు ఇల్లు. వెనక గది మీద ఆకు చివికి, వాన పడితే కారుతుంది. పురుడు పోసుకోవలసింది ఆ గదిలోనే.

పేరమ్మ మూటను చూసి ఒకటే అడిగింది. "ముందు వెనక గది మీద ఆకు మార్పించయ్యా. తక్కినది గింజలకు ఉంచుదాం."

సింగన్న సరేనన్నాడు. కాని అతనికి ఇంటిపట్టున కూర్చోవడం అలవాటు లేదు. ఇన్నేళ్లూ రాజుగారి వీపును చూసిన కళ్లు ఇప్పుడు తన ఇంటిని చూశాయి. చూసిన చోటల్లా ఒక లోపం కనబడింది.

మొదట అరుగు కనబడింది. మట్టి అరుగు, అంచులు రాలిపోయాయి. రాజుగారి మనిషి ఇంటికి రాతి అరుగైనా లేకపోతే ఎలా అనుకున్నాడు. రాళ్లపని చేసే భద్రయ్యను పిలిచాడు. భద్రయ్య అరుగు కొలిచి, కొలువు ఉన్నట్టేనా అని అడిగాడు.

"ఉన్నట్టే. రాజుగారు నెల తిరిగేసరికి వచ్చేస్తారు" అన్నాడు సింగన్న.

గోడ మీద బల్లి టక్కున పలికింది.

మాట వెంట బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. సింగన్న వేలి కణుపుతో నేలను తట్టి "సత్యం" అనుకున్నాడు. భద్రయ్య కూడా తట్టాడు. బయానా తీసుకుని పాత అరుగును తవ్విపోశాడు.

తర్వాత తలుపు కనబడింది. రాతి అరుగు మీద చీడ పట్టిన తలుపు బాగుండదు కదా. వడ్రంగి మీనాచారి వచ్చాడు. సుత్తితో ద్వారబంధాన్ని తట్టి చూస్తూ అతనూ కొలువు సంగతే అడిగాడు. సింగన్న అదే మాట చెప్పాడు. బల్లి మళ్లీ పలికింది. మీనాచారి బయానా తీసుకుని, పాత తలుపును ద్వారబంధంతో సహా ఊడదీసి పట్టుకుపోయాడు.

"ముందు వెనక గది అన్నాను" అంది పేరమ్మ.

"ముందు ముందరి పని కానీ" అన్నాడు సింగన్న.

ఆ తర్వాత పైకి చూశాడు. వెనక గదికి ఒక్కదానికే ఆకు వేయించడం దండుగనిపించింది. ఇల్లంతా పెంకులు కప్పిస్తే మూడు తరాలు చూడనక్కరలేదు. కుమ్మరి రంగయ్య వచ్చి, పెంకులకు సొమ్ము ఎక్కువవుతుంది, తట్టుకోగలవా అన్నాడు. రాజుగారు దారిలోనే ఉండి ఉంటారని సింగన్న చెప్పాడు. బల్లి మూడోసారి పలికింది. పెంకులు వస్తున్నాయి కదా అని సింగన్న తానే పైకెక్కి, ఇంటిమీది ఆకంతా కిందికి లాగేశాడు. చివికిన ఆకు పొడిపొడి అయింది. బాగున్న ఆకూ దానితోపాటు పోయింది.

అప్పటికి మూట అడుగంటింది. భద్రయ్య సగం సొమ్ము తెమ్మన్నాడు. మీనాచారి కూడా అదే మాట. రంగయ్య పెంకులు చేసి ఆరబెట్టాడుగాని, ఆవం పెట్టి వాటిని కాల్చడానికి కట్టెలకు సొమ్ము కావాలన్నాడు. ముగ్గురూ వేరే పనులు చూసుకున్నారు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. సింగన్న ఇంటి ముందు గొయ్యి, గోడకు కన్నం, పైన ఆకాశం. పురిటిగది చూసిపోదామని అంకమ్మ వచ్చింది. గొయ్యి దాటి, కన్నంలోంచి లోపలికి వచ్చి, తలెత్తి చూసింది.

"రాజు నెత్తిన ఎండ పడకుండా కాచావు, ఆలి నెత్తిన ఆకాశం పెట్టావా నాయనా? చినుకు పడితే ఈ గదిలో నేను పురుడు పోయను. తల్లీబిడ్డలను వానకు ఒప్పగించే ధైర్యం నాకు లేదు."

ఆమె వెళ్లిపోయింది. నైరుతి మూల సన్నని మబ్బు కనబడుతోంది. సింగన్న గోడకు చేరగిలబడ్డాడు. ఎదురుగా బల్లి ఉంది. కోపమంతా దాని మీదికి మళ్లింది. మూడుసార్లు సాక్ష్యం చెప్పి ముంచావు కదే అన్నాడు.

బల్లి తల తిప్పి చూసింది. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"సింగన్నా, మొదటిసారి ఒక పురుగు తప్పిపోయింది, అందుకని అరిచాను. రెండోసారి వడ్రంగి సుత్తికి అదిరిపడ్డాను. మూడోసారి అవతలి గోడమీది నా తోడును పిలిచాను. కాశీ ఎక్కడుందో, నీ రాజు ఎవరో నాకేం తెలుసు?"

సింగన్న తలెత్తి కప్పు లేని గదిని చూశాడు.

"నీ భార్య చెప్పిన మాటకు నేను పలకలేదు. అందుకని అది అబద్ధమైపోయిందా?" అని బల్లి పగుల్లోకి దూరింది.

సింగన్న లేచి పేరమ్మ దగ్గరికి వెళ్లి, ఇప్పుడు ఏం చేద్దామని అడిగాడు.

"నీకు కొలువు లేదు. ఆ మాట నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ ముగ్గురికీ తెలియదు. వెళ్లి చెప్పు" అంది.

అది రాజు ముందు నిలబడడం కంటే కష్టమైన పని. అయినా వెళ్లాడు.

భద్రయ్య మండిపడ్డాడు. "'ఉన్నట్టే' అన్నావు. ఆ మాట నమ్మి గనిలో రాళ్లకు నేను మాట ఇచ్చాను" అన్నాడు. బయానా తిరిగి ఇవ్వలేదు. ఇవ్వమని సింగన్న అడగనూ లేదు. ఆ మాటలో తప్పు తనదేనని ఒప్పుకుని వచ్చేశాడు.

మీనాచారి టేకు కోసేశానని, సొమ్ము రాదని చెప్పాడు. కాని కాసేపు ఆలోచించి, తన దొడ్లో పడి ఉన్న వెదుళ్లు తీసుకెళ్లమన్నాడు. రంగయ్య పచ్చి పెంకులను చూపించి, మట్టి మళ్లీ మట్టే అవుతుందిలే అని, బయానాలో సగం చేతిలో పెట్టాడు. ముందే ఈ ముక్క చెప్పి ఉంటే ఆకు పీకనిచ్చేవాణ్ణి కానని మందలించాడు.

ఆ సగంతో ఇల్లంతా కప్పడానికి ఆకు రాదు. వెనక గదికి వస్తుంది. సింగన్న ఒక్క గదికే కొన్నాడు. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. తానే వెదుళ్లు కట్టాడు, తానే పైకెక్కాడు. పేరమ్మ కింద కూర్చుని తాటినార చీల్చి ఇచ్చింది. గొయ్యి పూడ్చాలనిపించినా దిగలేదు. వాకిటి కన్నానికి ఒక తడక అడ్డం పెట్టి ఊరుకున్నాడు.

పని సగంలో ఉండగా కోట నుంచి భటుడు వచ్చాడు. రాజుగారు కాశీలో ఇంకో ఏడాది ఉంటారట, మంత్రిగారు చెప్పి రమ్మన్నారు అని వాకిట నిలబడి చెప్పాడు.

సింగన్న పైనుంచి విన్నాడు. "మంచిది బాబూ. ఆ ఆకు కట్ట ఇలా అందిస్తావా?" అన్నాడు.

ఆ ఏడాది వాన పగటిపూట మొదలైంది. ముందరి గది తడిసింది. వంటిల్లు తడిసింది. వాకిట గొయ్యి నిండి చెరువైంది. అంకమ్మ మోకాటి లోతు నీళ్లలో నడిచి వచ్చింది. వెనక గదిలో అడుగుపెట్టి, నేలను అరచేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. చీర కొంగు బిగించి, నీళ్లు కాగబెట్టమని సింగన్నను పురమాయించింది.

సాయంత్రానికి ఆ గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. బయట వాన పడుతూనే ఉంది.

రాబడి ఆగిన ఇంట్లో అవసరం ముందు నడవాలి, ఆశలు వెనక నడవాలి.