కొమ్ముల దడి లోపల

ఎర్రమట్టి కోనలో ఒకే ఒక్క మడుగు. ఆ మడుగు పెద్దపులి దొరది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని మాత్రం అడక్కండి, అడిగినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. ఎండాకాలంలో ముందు దొర తాగాలి, ఒళ్ళు తడుపుకోవాలి, ఒడ్డున పడుకుని ఆరాలి, తీరిగ్గా ఆవలించాలి. అప్పటిదాకా అడవిగేదెలన్నీ నాలుకలు వేలాడేసుకుని దూరంగా నిలబడాలి. అదీ ఆచారం!

ఆ మందలో బొల్లి అని ఒక గేదె. నుదుట తెల్లమచ్చ, నోట మొహమాటం లేని మాట. ఆ ఏడు ఎండలకి దాని తొలిచూలు దూడ మడుగు వంక చూస్తూ చూస్తూనే ఒరిగిపోయింది. నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి. దొరగారి ఒళ్ళే ఇంకా ఆరలేదు!

బొల్లి మంద వైపు తిరిగింది. "మనకి దేవుడు కొమ్ములెందుకిచ్చాడర్రా? వీపు గోక్కోడానికా?" అని రంకె వేసింది.

మందలో పెద్దవాడు ఢంకన్న దున్న తల ఎత్తాడు. "ఒక్కొక్కరం పోతే ఒక్కొక్కరం చస్తాం. అందరం కలిసి దడి కడదాం రండి."

దడి అంటే కంపలతో కట్టేది కాదు, గేదెలు ఆపదలో కట్టే కొమ్ముల దడి. దూడలు నడిమధ్య, పెద్దవాళ్ళు చుట్టూ. తోకలు లోపలికి, కొమ్ములు బయటికి. ఇన్నాళ్ళూ దడి అంటే నిలబడిన చోటే కట్టేవాళ్ళు. ఆ రోజు మాత్రం దడికి కాళ్ళొచ్చాయి! అడుగులో అడుగేసుకుంటూ మడుగు మీదికి నడిచింది. దొర గర్జించాడు. దడి ఆగలేదు. ఎగిరి దూకబోయాడు. ఎటు దూకినా కొమ్మే! ఎర్రదుమ్ము ఆకాశానికి లేచింది. ఆ దుమ్ములోంచి పెద్దపులి దొర తోక ముడిచి కొండ దాటి పోతుంటే, అబ్బో, ఆ కోన కోనంతా కేకలే! బొల్లి మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి, తాగుతూ ఏడ్చింది, ఏడుస్తూ తాగింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దడి నడుస్తున్నంతసేపూ దూడల కాళ్ళ మధ్య దూరి, అందరికంటే గట్టిగా "మడుగు అందరిదీ!" అని అరిచినవాడు ఒకడున్నాడు. మెత్తయ్య నక్క. నిన్నటిదాకా దొర వదిలేసిన ఎముకలు చీకినవాడే. ఏ ఎండకా గొడుగు!

ఈ కబురు కొండ దాటిందో లేదో, పక్కనున్న తెల్లరాళ్ళ కోనలో చిరుతపులి గుండె గుభేలుమంది. అక్కడి మడుగుకి దొర చిరుతే. రేపు తన దుప్పులకీ ఇదే పిచ్చి పడితే? వెంటనే అందరినీ పిలిపించాడు. "అమ్మల్లారా, అయ్యల్లారా! ఇకనుంచి మీరే ముందు తాగండి. నేను తర్వాత తాగుతాను."

దుప్పులు మొహమొహాలు చూసుకున్నాయి.

"దొరకి జబ్బేమైనా చేసిందంటావా?" అంది ఒక దుప్పి.

"జబ్బు కాదే పిచ్చిమొహమా, గేదెలు చేసిన వైద్యం!" అంది ఇంకోటి.

ఇక్కడ కొమ్ము విసిరితే అక్కడ గొంతు తడిసింది చూశారా! రెండు కోనల మధ్య గట్టు మీదుండే అడవిపందులకైతే పండగే. "మీరు మా దడి వైపా?" అని గేదెలూ, "మీరు మా దొర వైపా?" అని చిరుతా పోటీలుపడి బుజ్జగించేవాళ్ళు. "మేం దుంపల వైపండీ" అనేసి పందులు ఇద్దరిచ్చిందీ మెక్కాయి.

మెత్తయ్య ఊరుకుంటాడా? కొండమీదికి వెళ్ళొచ్చి రొప్పుతూ చెప్పాడు. "ఢంకన్నా! చిరుత గోళ్ళు నూరుతున్నాడు. దడి విప్పారో, మడుగు పోయినట్టే!"

"మరెట్లా?"

"దడి అట్లాగే ఉండనీ. చూపులన్నీ బయటికే ఉండాలి. దూడల్ని కనిపెట్టుకుని, చిరుత ఎటునుంచొస్తే అటు తిరగమని చెప్పడానికి నడిమధ్య ఒకడుంటే చాలు."

"ఎవరుంటారు?"

"కొమ్ములున్నవాళ్ళు బయట కావాలి కదా. కొమ్ముల్లేనివాణ్ణి, నేనుంటాలే" అన్నాడు మెత్తయ్య వినయంగా.

కొమ్ముల్లేనివాడితో భయమేముంది అనుకున్నాయి గేదెలు. మెత్తయ్య అదే నోటితో చిరుత దగ్గరికెళ్ళి, "దొరా, గేదెలు నీ కోన మీద పడబోతున్నాయి" అన్నాడు. దాంతో అక్కడ చిరుత పురమాయిస్తే కోతులు గట్టు మీద రాళ్ళు పేర్చడం, ఇక్కడ గేదెలు బండలకి కొమ్ములు నూరడం. ఇంక మేసేదెప్పుడు, నెమరేసేదెప్పుడు! నిలబడిన చోట గడ్డి పోయి మన్ను తేలింది, డొక్కలు లోపలికి పోయాయి.

అప్పుడు దూడలు మాయమవడం మొదలైంది. మెత్తయ్య "ఉత్తరాన చిరుత!" అని అరవడం, అందరూ అటు ఒరిగి కొమ్ములు దించడం, తర్వాత చూసుకుంటే లోపల ఒక దూడ తక్కువ. "చిరుత వేగులు ఎత్తుకుపోయారు! మనలోనే ఎవరో దారిచ్చారు! ఇకనుంచి లోపలికి తల తిప్పినవాళ్ళు దడికి ద్రోహులు!" అని మెత్తయ్య గుండెలు బాదుకునేవాడు. నిన్న పక్కనే నిలబడ్డ గేదెని ఇవాళ అనుమానంగా చూడ్డం నేర్చుకున్నాయి పాపం!

బొల్లికి ఆ మధ్యే రెండో దూడ పుట్టింది. పెయ్యదూడ, పేరు ముద్దులు. తల తిప్పి దాన్ని నాకే వీల్లేదు. బొల్లి ఢంకన్నతో అంది. "మామా, గాలి ఉత్తరం నుంచే కొడుతోంది. చిరుత వస్తే నా ముక్కుకి తెలీదా? పులినైతే నీళ్ళకి రాకముందే పసిగట్టినదాన్ని!"

"నోర్ముయ్యవే బొల్లీ. ఎవరైనా వింటే నిన్నే వేగు అంటారు."

"అననీ! ఒక దూడని దాహానికిచ్చాను. రెండోదాన్ని భయానికివ్వను."

ముసలాడు కాస్త పక్కకి జరిగి, బొల్లి నిలబడే చోటు తన ఒంటితో కప్పేశాడు.

గేదెకి బురద అంటే ఏమిటో మీకు చెప్పాలా? దడి మధ్యలో దూడలు పొర్లే బురదగుంట ఉంది. మిట్టమధ్యాహ్నం మెత్తయ్య కునుకు తీస్తున్నప్పుడు బొల్లి అందులోకి జారింది. ఒళ్ళు, కొమ్ములు, నుదుటి మచ్చ అన్నీ బురదే. పైకి ముక్కురంధ్రాలు మాత్రం తేలాయి. మెత్తయ్య లేచి, ఒళ్ళు విరుచుకుని, ఎప్పటి పాటే అందుకున్నాడు.

"ఉత్తరాన చిరుత! ఉత్తరాన చిరుత!"

దడి మొత్తం ఉత్తరానికి ఒరిగింది. మెత్తయ్య చల్లగా ముద్దులు దగ్గరికి చేరాడు. "రా తల్లీ, లేతగడ్డి చూపిస్తా." దక్షిణాన రెండు బండల మధ్య సందు ఉంది. గేదె పట్టదు, దూడ పడుతుంది. "అవతల చిరుత దొర ఆకలిమీదున్నాడు. ఆయన తిన్నాక మిగిలింది నాకు. గేదెలకి దడి, దుప్పులకి నీళ్ళు, దొరకి దూడ! ఎవరికి లోటు చేశాను?" అని తనలో తనే మురిసిపోయాడు.

బురద లేచి నిలబడింది!

"దడి తిప్పండర్రా!" బొల్లి రంకెకి కోన దద్దరిల్లింది. "సగంమంది లోపలికి! సగంమంది బయటే చూడండి! కంచే చేను మేస్తోంది!"

ముందుగా ఢంకన్న తల తిరిగింది. ఆ వెనక ఒకటి, ఇంకొకటి. మెత్తయ్య చుట్టూ కొమ్ములే కొమ్ములు! అవి నూరించినవాడు తనే. ముద్దులు తల్లి కాళ్ళ సందులోకి దూరిపోయింది.

"అయ్యో, దక్షిణాన చిరుత! నిజంగా చిరుత!" మెత్తయ్య గొంతు చించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన మొదటి నిజం అదే!

"చూస్తూనే ఉన్నాం. బండ వెనకున్నాడు. నీ సంగతి చెప్పు!" అన్నాయి బయటికి తిరిగిన గేదెలు.

బొల్లి తల దించి, ఎత్తి, ఒక్క విసురు విసిరింది. మెత్తయ్య గాల్లో బొంగరంలా తిరిగి బండల అవతల దభీమని పడ్డాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా చిరుత.

"దూడ ఏదిరా మెత్తయ్యా?" అన్నాడు దొర.

మెత్తయ్య ఏం చెప్పాడో తెలీదు. ఆ రోజు చిరుత పస్తు మాత్రం ఉండలేదు. కోనకి తిరిగెళ్ళి మళ్ళీ ముందు తానే తాగబోతే, దుప్పులు మడుగు దగ్గర్నుంచి కదిలితేగా!

ఢంకన్న తల వంచుకుని అన్నాడు. "దడి కట్టమన్నవాణ్ణి నేనే. తిప్పమనడానికి మాత్రం నీకున్న గుండె నాకు లేకపోయింది బొల్లీ."

"కట్టకపోతే తిప్పేదేముంది మామా? పద, తాగుదాం" అంది బొల్లి. ముద్దులు అప్పటికే నీళ్ళలో ఉంది.

పులిని తరమడానికి అందరి కొమ్ములూ కావాలి. తరిమాక నక్కని పట్టడానికి లోపలికి తిరిగిన కళ్ళు కొన్నైనా ఉండాలి.